బైపీసీ పాపకు బయాలజీ ట్యూటర్: ముగ్గురిలో ఎవరు?

ప్రశ్న: మాది హనుమకొండ. మా పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ, డే స్కాలర్. టెన్త్ దాకా తెలుగు మీడియం. కాలేజీలో పెట్టే నీట్ మోడల్ టెస్టుల్లో బయాలజీ మార్కులు 360కి 210 దగ్గరే ఆగిపోతున్నాయి. ట్యూషన్ పెట్టిద్దామనుకుంటున్నాం. ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్, ఒక ఎంబీబీఎస్ విద్యార్థి, ఆన్‌లైన్‌లో చెప్పే ఒక మాస్టారు దొరికారు. ఆన్‌లైన్ ఆయన ఏడాది ఫీజు ముందే కట్టమంటున్నారు. ఎవరిని పెట్టుకోమంటారు?

జవాబు: ఆ 210 ఎలా వచ్చిందో చూడకుండా ముగ్గురిలో ఎవరినీ ఖాయం చేయకండి. నీట్‌లో బయాలజీకి 90 ప్రశ్నలు. ఒప్పయితే 4 మార్కులు, తప్పయితే ఒక మార్కు కోత. ఒక్కటీ వదలకుండా అన్నిటికీ జవాబు పెట్టి 60 ఒప్పు, 30 తప్పు చేసినా 210 వస్తుంది. 55 ఒప్పు, 10 తప్పు చేసి 25 ప్రశ్నలు వదిలేసినా అదే 210 వస్తుంది. మార్కులు ఒకటే గానీ ఈ ఇద్దరు పిల్లల ఇబ్బంది ఒకటి కాదు. మొదటి అమ్మాయి పాఠాలు చదివింది, దగ్గరదగ్గరగా ఉన్న ఆప్షన్ల మధ్య తడబడుతోంది. రెండో అమ్మాయికి కొన్ని పాఠాలు చదవడానికే టైం దొరకలేదు, లేదా పరీక్షలో ఆ ప్రశ్నల దాకా రావడానికే టైం చాలలేదు. మొదటి అమ్మాయికి ట్యూటర్ బాగా పనికొస్తారు. రెండో అమ్మాయికి ట్యూషన్ పెడితే ఉన్న కాస్త చదువుకునే టైం కూడా పోతుంది.

కాబట్టి ముందు పాప చివరి మూడు టెస్టుల పేపర్లు, కీ దగ్గర పెట్టుకుని ఒక గంట ఆమెతో కూర్చోండి. మీకు బయాలజీ రాకపోయినా ఫర్వాలేదు. తప్పుపోయిన ప్రతి ప్రశ్న పక్కన, వదిలేసిన ప్రతి ప్రశ్న పక్కన ఆమె చేతే ఒక అక్షరం రాయించండి. చదవని పాఠమైతే ‘చ’, చదివినా రెండు ఆప్షన్ల మధ్య తికమకపడితే ‘త’, ఎన్నిసార్లు చదివినా అర్థం కాని విషయమైతే ‘అ’, ప్రశ్ననే సరిగా చదవకపోతే ‘ప’. ఆ గంటలో కోప్పడకండి. తిడతారని భయపడితే పాప అన్నిటికీ ‘ప’ అనే రాసేస్తుంది. చివర్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి.

‘చ’లు ఎక్కువుంటే కావాల్సింది టైంటేబుల్. మొత్తం 180 నిమిషాల్లో మొదట ఏ సబ్జెక్టు రాస్తోందో కూడా అడగండి. ఫిజిక్స్‌తో మొదలుపెట్టి లెక్కల దగ్గర గంటన్నర పోగొట్టుకుని, బయాలజీ హడావుడిగా ముగించే పిల్లలు చాలామంది ఉంటారు. అలాంటి వాళ్లకు బయాలజీ ట్యూటర్‌ను పెట్టి లాభం లేదు. బయాలజీ ముందు రాసి 50 నిమిషాల్లోపు ముగించేలా రెండు టెస్టులు రాయించి చూడండి. చదవాల్సిన పాఠాలకు డబ్బు పెట్టక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి. ఐఐటీ కాన్పూర్ నడిపే ‘సాథీ’ పోర్టల్‌లో నీట్ పాఠాలు, తెలంగాణ ప్రభుత్వ చానెల్ టీ-శాట్‌లో ఇంటర్ పాఠాలు కూడా ఉచితమే.

‘ప’లు ఎక్కువుంటే, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల్లో అది మామూలే. ‘కింది వాటిలో సరికానిది ఏది’ అనే ప్రశ్న ఇంగ్లిష్‌లో ఉంటే ‘సరికానిది’ అన్న మాటను కన్ను దాటేస్తుంది. రెండు వాక్యాలిచ్చి ఏది ఒప్పో, ఏది తప్పో తేల్చమనే ప్రశ్నల్లోనూ అంతే. రోజుకు ఇలాంటివి 20 తీసుకుని, ప్రశ్నను పైకి చదివి, అడిగిందేమిటో తెలుగులో చెప్పి, ఆ తర్వాతే ఆప్షన్లు చూడాలి. మూడు వారాలు చేస్తే తేడా కనిపిస్తుంది. ఇది ఇంట్లో అక్కో అన్నో కూర్చుని చేయించగలిగిన పని.

‘త’లు, ‘అ’లు ఎక్కువుంటేనే ట్యూటర్‌ను వెతకండి. ఒక తప్పును ఒప్పు చేస్తే పోయే ఒకటి ఆగి, రావాల్సిన నాలుగు వస్తాయి, అంటే 5 మార్కులు. అలా 15 ప్రశ్నలు చక్కబడితే 75 మార్కులు పెరుగుతాయి. పాఠాలన్నీ మొదటి నుంచీ మళ్లీ చెప్పించుకోనక్కర్లేదు. ‘అ’ పడిన పాఠాలన్నీ ఒక కాగితం మీద రాయండి. చాలామందికి అవి పది, పన్నెండుకు మించవు. జన్యుశాస్త్రం, డీఎన్‌ఏ పాఠం, కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, మూత్రపిండాలు, నాడీ వ్యవస్థ, కణ విభజన, బయోటెక్నాలజీ తరచూ ఆ కాగితం మీదికి వస్తాయి. ట్యూటర్‌తో మాట్లాడేది ఈ కాగితం చేతిలో పెట్టుకునే.

మన దగ్గర బోటనీ ఒకరు, జువాలజీ ఒకరు చెప్పడం అలవాటు. ‘బయాలజీ చెబుతాను’ అన్నవాళ్లలో ఎక్కువమంది రెంటిలో ఒకదాంట్లోనే గట్టివాళ్లు. అందుకే పేరులో బయాలజీ ఉందని ఆగిపోకుండా మీ కాగితంలోని పాఠాలు ఎటువైపువో చూడండి. జన్యుశాస్త్రమైతే మన ఇంటర్‌లో బోటనీలోనూ ఉంటుంది, జువాలజీలోనూ ఉంటుంది. వంశవృక్షం చూసి వ్యాధి ఎలా సంక్రమిస్తోందో తేల్చే ప్రశ్నలు ఎవరు చెబుతారని విడిగా అడగండి.

ఇంకో చిక్కు సిలబస్‌తో వస్తుంది. 2024 నుంచి నీట్ సిలబస్ తగ్గింది. ఇప్పటిదాకా నడుస్తున్న మన సెకండియర్ బోటనీ పుస్తకం మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణతో మొదలవుతుంది. జువాలజీ పుస్తకం జీర్ణక్రియతో మొదలవుతుంది. ఈ మూడూ నీట్‌లో లేవు. కానీ బోర్డు పరీక్షకు, ఎప్‌సెట్‌కు మన పుస్తకంలోనివి కావాలి. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నల్లో 80 బయాలజీవే, తప్పుకు కోత కూడా లేదు. అగ్రికల్చర్ సీటు మీద ఆశ ఉంటే దాన్ని వదులుకోకూడదు. ట్యూటర్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి: ‘జీర్ణక్రియ పాఠం మా పాపకు దేనికి కావాలి, దేనికి అక్కర్లేదు?’ తడుముకోకుండా చెబితే ఆయన ఈమధ్య సిలబస్ చూసినట్టు. ‘అన్నీ ముఖ్యమే అమ్మా’ అంటే మీ డబ్బుతో పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు.

ఇక మీ ముగ్గురి సంగతి. రిటైర్డ్ లెక్చరర్‌కు బోర్డు పేపర్ కొట్టిన పిండి. రెండు మార్కులు, నాలుగు మార్కులు, ఎనిమిది మార్కుల జవాబుల్లో ఎంత రాయాలో, బొమ్మలో ఏ భాగాలు గుర్తించాలో ఆయనకు తెలిసినంతగా మిగతా ఇద్దరికీ తెలియకపోవచ్చు. ఆయన దగ్గర చూడాల్సింది నీట్ వేగం. నిరుటి నీట్ పేపర్ నుంచి పది ప్రశ్నలు తీసుకెళ్లి, పాప ముందే వాటిని వివరించమని మర్యాదగా అడగండి. మంచి మాస్టారు దీనికి నొచ్చుకోరు. జువాలజీ కూడా ఆయనే చెబుతానంటే అందులోంచి అయిదు ప్రశ్నలు చేర్చండి.

ఎంబీబీఎస్ విద్యార్థికి పరీక్ష తాజాగా గుర్తుంటుంది, మానవ శరీరధర్మం మీద పట్టు ఉంటుంది. మొక్కల పాఠాలు మాత్రం మెడికల్ కాలేజీలో చేరాక మళ్లీ తెరిచి ఉండరు. వాళ్ల ఇంటర్నల్ పరీక్షలు వచ్చినప్పుడల్లా క్లాసులు ఆగిపోతాయి. పాప కాగితం మీద జువాలజీ పాఠాలే ఎక్కువుంటే ఈ ఎంపిక బాగుంటుంది, కానీ వాళ్ల పరీక్షల తేదీలు ముందే రాయించుకోండి.

ఆన్‌లైన్ మాస్టారు చెప్పేది పాప ఒక్కదానికేనా, పదిమందితో కలిపా అన్నది మొదట తేల్చుకోండి. ఒక్కదానికే అయినా, ఆమె నోట్సులో ఏం రాస్తోందో, బొమ్మ ఎలా వేస్తోందో ఆయనకు కనిపించాలి. ఫోన్‌ను నోట్సు మీదికి తిప్పి పెట్టే స్టాండు ఒకటి కొంటే చాలు. అది కుదరదన్నా, క్లాసంతా స్లైడ్లు చూపించడమే అయినా, ఉచిత వీడియోకూ దానికీ తేడా లేదు.

నాలుగో దారి కూడా ఉంది. కాకతీయ యూనివర్సిటీ మీ ఊళ్లోనే ఉంది. అక్కడి బోటనీ, జువాలజీ విభాగాల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లలో ట్యూషన్ చెప్పేవాళ్లున్నారేమో విచారించండి. సర్వీసులో ఉన్న సర్కారు లెక్చరర్లను మాత్రం బతిమాలకండి. ప్రైవేటు ట్యూషన్లకు వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు. ట్యూటర్‌ను చూపిస్తామంటూ ముందే రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి.

ఎవరిని అనుకున్నా ఒక డెమో క్లాసు తప్పనిసరి. పాఠం ఆయన ఇష్టానికి వదలకుండా మీరే ఇవ్వండి. బోటనీకైతే కిరణజన్య సంయోగక్రియలో సీ4 మార్గం అడగండి. ‘సీ4 మొక్కలో కార్బన్ డయాక్సైడ్‌ను మొదట అందుకునే అణువులో కార్బన్లు ఎన్ని?’ అంటే చాలామంది పిల్లలు నాలుగు అంటారు. అందుకునేది పెప్ అనే మూడు కార్బన్ల అణువు. నాలుగు కార్బన్లుండేది అలా ఏర్పడిన తొలి పదార్థంలో. పాప తప్పు చెప్పగానే ‘మూడు, రాసుకో’ అని ముందుకెళ్లిపోయే మాస్టారు ఒక రకం. ‘నాలుగు అని ఎందుకు అనుకున్నావమ్మా?’ అని అడిగి, ఆకులో ఈ పని పంచుకునే రెండు రకాల కణాలు గీయించి, ఏ ఎంజైము ఎక్కడుందో పాప చేతే పెట్టించే మాస్టారు ఇంకో రకం. మీరు డబ్బు పెట్టాల్సింది ఈ రెండో మాస్టారికి.

జువాలజీకైతే రక్తం గ్రూపులు సరిపోతాయి. తండ్రిది ‘ఏ’, తల్లిది ‘బీ’, బిడ్డది ‘ఓ’ కావచ్చా? కావచ్చు, ఇద్దరిలోనూ ‘ఓ’ జన్యువు దాగి ఉంటే. అప్పుడు ప్రతి కాన్పులోనూ ‘ఓ’ గ్రూపు వచ్చే అవకాశం నాలుగో వంతు. ఇక్కడ పట్టిక గీసేది మాస్టారా, పాపా అన్నది చూడండి. గడియారం పెట్టుకుని 40 నిమిషాల డెమోలో పాప మాట్లాడింది, రాసింది, గీసింది ఎన్ని నిమిషాలో లెక్కించండి. 15 కన్నా తక్కువైతే అది ఉపన్యాసం. కాలేజీలో రోజంతా వింటున్నది అదే. మర్నాడు సాయంత్రం పాపను అదే విషయం మీకు చెప్పమనండి. క్లాసు ‘బాగుంది’ అన్న మాట కన్నా అది నమ్మదగ్గ ఆధారం.

కాలేజీ నుంచి సాయంత్రం అలిసిపోయి వచ్చే పిల్లకు వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి గంటన్నర చాలు. పన్నెండు వారాలకు 36 గంటలవుతాయి. మీ కాగితంలో పన్నెండు పాఠాలుంటే పాఠానికి మూడు గంటలు. గంటన్నరను ఇలా పంచమనండి: మొదటి 15 నిమిషాలు పుస్తకం మూసి పాత పాఠం మీద ప్రశ్నలు, తర్వాత 40 నిమిషాలు కొత్త విషయం, 18 నిమిషాల్లో 30 బిట్లు, మిగిలిన 17 నిమిషాలూ ఆ తప్పుల మీద. ఎన్‌సీఈఆర్‌టీ పాఠం పాప ముందే చదువుకుని రావాలి. చదవకుండా వస్తే ఆ 40 నిమిషాలూ పుస్తకం చదివి వినిపించడానికే సరిపోతాయి. వారం వారం ట్యూటర్ సొంత నోట్సు రాయించుకోవద్దు. ఆ రాత పనికి పుస్తకం చదివే టైం పోతుంది. బోర్డు కోసం మాత్రం రెండు వారాలకొకసారి ఒక ఎనిమిది మార్కుల జవాబు బొమ్మతో రాయించి దిద్దించుకోండి.

ఫీజును నెల లెక్కన కాకుండా గంట లెక్కన పోల్చండి. ఒకరు గంటన్నర చొప్పున 12 క్లాసులకు 8 వేలు అడిగితే గంటకు దాదాపు 444 రూపాయలు. ఇంకొకరు గంట చొప్పున 12 క్లాసులకు 6 వేలంటే గంటకు 500. తక్కువగా కనిపించేదే ఎక్కువ. ఏడాది ఫీజు ముందే కట్టే మాట ఒప్పుకోవద్దు. 2024 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో మధ్యలో మానేస్తే మిగతా ఫీజు పది రోజుల్లో తిరిగివ్వాలని ఉంది. కానీ అవి 50 మందికి పైగా విద్యార్థులున్న కోచింగ్ సెంటర్లకే వర్తిస్తాయి, విడిగా చెప్పే ట్యూటర్‌కు వర్తించవు. మీకున్న రక్షణ మీరు రాసుకునే కాగితమే. రోజులు, వేళలు, పాఠాల జాబితా, నెలాఖరున ఫీజు, తప్పిపోయిన క్లాసు ఎప్పుడు చెబుతారు, మొదటి నాలుగు క్లాసులు పరీక్షగా, మానేయాలంటే వారం ముందు చెప్పడం. ఇవన్నీ ఒక పేజీలో పట్టేస్తాయి. డబ్బు యూపీఐలో పంపితే లెక్క ఉంటుంది.

ఆడపిల్లయినా మగపిల్లాడైనా ఇది పాటించండి. క్లాసు హాల్లో, తలుపు తెరిచి, పెద్దవాళ్లెవరైనా ఇంట్లో ఉన్నప్పుడే జరగాలి. సందేహాల మెసేజ్‌లు మీరు కూడా ఉన్న వాట్సాప్ గ్రూపులోనే పెట్టుకోవాలి. మూడో క్లాసు తర్వాత పాపను విడిగా కూర్చోబెట్టి ‘ఆయన దగ్గర ఇబ్బందేమైనా ఉందా’ అని నేరుగా అడగండి. ఉందంటే కారణాల కోసం నిలదీయకుండా క్లాసు ఆపేయండి.

నాలుగు వారాలయ్యాక మళ్లీ ఒక టెస్టు పేపర్ తీసి చ, త, అ, ప రాయించండి. మొత్తం మార్కులు చూడొద్దు, అవి పేపర్‌ను బట్టి మారతాయి. ట్యూటర్ చెప్పిన పాఠాల్లో ‘అ’లు, ‘త’లు సగానికి తగ్గాయా అన్నదే చూడండి. తగ్గకపోతే ఆ తప్పులు ఆయన ముందు పెట్టి మాట్లాడండి. ఆరో వారానికీ మార్పు లేకపోతే మార్చేయండి. ట్యూటర్ మారినా పాఠాల కాగితం మాత్రం అదే ఉంచండి, కొత్తవాళ్లు ఆగినచోటి నుంచి మొదలుపెట్టాలి.

నీట్‌ను తెలుగులోనూ రాయొచ్చు. తెలుగు ఎంచుకున్నవాళ్లకు ప్రశ్నపత్రంలో ఇంగ్లిష్ కూడా పక్కనే ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌దే చెల్లుతుంది. ‘ప’లు మరీ ఎక్కువుంటే ఈ దారి ఆలోచించండి. అయితే ఇంటర్ పుస్తకాలు ఇప్పుడు ఇంగ్లిష్‌లో చదువుతోంది కాబట్టి, దరఖాస్తు నింపే ముందే రెండు మోడల్ పేపర్లు తెలుగులో, రెండు ఇంగ్లిష్‌లో రాయించి ఎందులో ‘ప’లు తక్కువొస్తే అది పెట్టండి. ట్యూటర్ ఎవరైనా పాఠం తెలుగులో వివరించి, జవాబు మాత్రం పాప ఏ భాషలో పరీక్ష రాస్తుందో ఆ భాషలోనే చెప్పించుకోవాలని మొదటి రోజే చెప్పండి.