టీము పనులను టికెట్లుగా రాసుకుని నడిపే సాఫ్ట్‌వేర్ జిరాలో ఒకరి రోల్ (ప్రాజెక్టులో ‘టెస్టర్’ లాంటి హోదా) తీసేస్తే వాళ్ల పేరు మీదున్న టికెట్లు కొత్తవాళ్లకు మారతాయా?

మారవు, టికెట్లు పాతవాళ్ల పేరు మీదే ఉంటాయి. ఎందుకంటే జిరా దృష్టిలో రోల్ వేరు, మనిషి వేరు. ప్రాజెక్టులో ఎవరు ఏం చూడొచ్చు, ఏం మార్చొచ్చు అన్నది ఎక్కువగా రోల్‌ను బట్టి నడుస్తుంది. పని మాత్రం అసైనీ (పని ఎవరికి అప్పగించారో వాళ్లు) అనే గడిలో ఉన్న ఒక్క యూజర్ అకౌంట్‌కు కట్టి ఉంటుంది. ఆ గడిలో ‘టెస్టర్’ అన్న రోల్ పేరు పెట్టలేం, మనిషినే పెట్టాలి.

ఉదాహరణకు, ఒక టెస్టర్ మానేశారు. అడ్మిన్ ఆ అకౌంట్‌ను డీయాక్టివేట్ చేసి, అదే రోల్‌లో కొత్తావిడను చేర్చారు. ఆవిడకు అనుమతులన్నీ వచ్చేస్తాయి. ‘నాకు అసైన్ అయినవి’ అని చూస్తే మాత్రం ఖాళీ! పాతాయన 14 టికెట్లూ ఆయన పేరుతోనే పడి ఉంటాయి, అడిగే నాథుడు ఉండడు.

చాలామంది రోల్ అంటే ఆఫీసులో కుర్చీ లాంటిదనుకుంటారు: ఎవరు కూర్చుంటే బల్ల మీది ఫైళ్లు వాళ్లవి అని. ఇక్కడ రోల్ గది తాళంచెవి మాత్రమే. టికెట్లను అసైనీ పేరుతో వెతికి, బల్క్ చేంజ్‌తో ఒకేసారి కొత్తావిడ పేరుకు మార్చుకోవాలి.