నాన్నకి దూరంగా ఉన్నా ఆ భయం ఎందుకు పోవట్లేదు?

నాన్నతో మాటలు మానేసి మూడేళ్లయినా, ఎవరైనా గొంతు పెంచితే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయని, అంటే తప్పు చేశానా అని అడిగారు. తప్పు చేయలేదండి. నేనూ ఈ ప్రశ్నతోనే చాలాకాలం నలిగిపోయాను.

మా నాన్న తాగొచ్చి కొట్టేవారు. రాత్రి ఆయన తలుపు తాళం తీసే చప్పుడుని బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో నాకు ఏడేళ్లకే తెలిసిపోయేది. ముప్పై దాటాక మాటలు మానేశాను. ఇక ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను. కానీ పక్కవాటాలో ఎవరో తాళం తీసినా గుండె దడే. దూరం వల్ల కొత్త దెబ్బలు ఆగాయి, అంతే. పాతవి మానడానికి వేరే సాయం కావాల్సి వచ్చింది.

ఏళ్ల తరబడి భయపడుతూ పెరిగితే, ఎప్పుడేం జరుగుతుందోనని కాచుకుని ఉండటం ఒంటికి అలవాటైపోతుంది. ఇల్లు మారినంత మాత్రాన అది పోదు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని, ఏళ్ల తరబడి హింస, భయం అనుభవించినవాళ్లకి వచ్చే మానసిక సమస్యని విడిగా చేర్చారు. మీకు అదే ఉందని నేను అనను, అది డాక్టరే చెప్పాలి. కానీ దాని గురించి చదివిన రోజు, ఇన్నాళ్లూ అందరూ అన్నట్టు నేను పిరికిదాన్ని కాదని తెలిసి చాలాసేపు ఏడ్చాను.

మొదట కలిసిన కౌన్సెలర్ రెండో సిట్టింగ్‌లోనే "నాన్నని క్షమించేయండి" అన్నారు. ఆ మాటతో ఏడాదిపాటు ఇంకెవరి దగ్గరికీ వెళ్లలేదు. మీకలా జరిగితే మనిషిని మార్చండి, ప్రయత్నం మాత్రం మానకండి. తర్వాత దొరికినావిడ నాచేత ఒక నోట్‌బుక్ పెట్టించారు. దడ వచ్చినప్పుడల్లా టైమ్, అంతకుముందు ఏం విన్నానో రాయాలి. రెండు నెలలకి చూస్తే సగానికి పైగా తాళాల చప్పుళ్లే! కారణం తెలిశాక, ఇది అప్పటి భయం, ఇప్పుడు తలుపు నా చేతిలోనే ఉంది అని నాకు నేను చెప్పుకోవడం మెల్లగా వచ్చింది.

చుట్టాల సంగతంటారా, మా పెద్దమ్మ ఇప్పటికీ "ఎంతైనా కన్నతండ్రి కదమ్మా" అంటుంది. మొదట్లో గంటలకొద్దీ వాదించేదాన్ని. ఇప్పుడు "పెద్దమ్మా, ఆ విషయం వద్దు, నీ మోకాళ్లెలా ఉన్నాయో చెప్పు" అంటాను. అమ్మతో మాత్రం ప్రతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడతాను.

నాన్నతో మళ్లీ మాట్లాడతానా లేదా అన్నది నేనింకా తేల్చుకోలేదు. అది తేలకుండానే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం మొదలైంది.