చదువు – సందేహాలు: ఎస్వాతినీ కొండ మీది బడి, చుట్టూ ఉన్న ఊళ్లు

కిందటి సంచికలో అంతర్జాతీయ పాఠశాలల గురించి రాస్తూ, ఎస్వాతినీ రాజధాని ఎంబాబానే పక్కన కొండ మీద ఉన్న వాటర్‌ఫర్డ్ కమ్‌హ్లాబా పాఠశాలను ప్రస్తావించాము. దాని మీద వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి పూర్తి చేసింది. వివిధ దేశాల పిల్లలు కలిసి చదివే అంతర్జాతీయ విద్యాసంస్థల సమూహమైన యునైటెడ్ వరల్డ్ కాలేజీలలో ప్రవేశానికి దరఖాస్తు చేసి, తాను కోరుకునే కళాశాలల్లో వాటర్‌ఫర్డ్ కమ్‌హ్లాబాను కూడా చేర్చింది. చదువుకోసం అమెరికా వెళ్లినవారిని చూశాము గాని ఆఫ్రికా వెళ్లినవారిని ఎక్కడా చూడలేదని మా బంధువులు అంటున్నారు. పైగా అక్కడ పిల్లలు చుట్టుపక్కల ఊళ్లలోకి వెళ్లి సేవ చేయాలట. దానివల్ల చదువు వెనకబడదా? ఎయిడ్స్ ఎక్కువగా ఉన్న దేశమని విని మరింత భయంగా ఉంది. — ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ బంధువుల మాటతోనే మొదలుపెడతాను. ఈ బడి ఆఫ్రికాలోనే ఎందుకు పుట్టిందో తెలిస్తే వారి సందేహం చాలావరకు తీరుతుంది. పక్కనే ఉన్న దక్షిణాఫ్రికాలో 1953లో వచ్చిన బంటూ విద్యా చట్టం నల్లవారి పిల్లలకు వేరే బడులను, వేరే పాఠ్యక్రమాన్ని, కావాలనే తగ్గించిన చదువును ఏర్పాటు చేసింది. అన్ని రంగుల పిల్లలు ఒకే తరగతి గదిలో కూర్చునే బడిని ఆ చట్టాల కింద నడపడం సాధ్యం కాదని తేలిపోయాక, జోహన్నెస్‌బర్గ్‌లో పనిచేసిన మైఖేల్ స్టెర్న్ అనే ఆంగ్ల ఉపాధ్యాయుడు సరిహద్దు దాటి, అప్పటికి బ్రిటిష్ రక్షణలో ఉన్న స్వాజీలాండ్‌లో, 1963లో 16 మంది విద్యార్థులతో ఈ పాఠశాలను ప్రారంభించాడు. ఆ దేశమే 1968లో స్వతంత్రమై, 2018లో ఎస్వాతినీ అని పేరు మార్చుకుంది. దక్షిణాఫ్రికా సరిహద్దు ఎంబాబానే నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడ నేరమైన పని ఇక్కడ ప్రతి ఉదయం మామూలుగా జరుగుతూ ఉండేది.

నెల్సన్ మండేలా రాబెన్ ద్వీపంలో ఖైదీగా ఉన్న కాలంలో ఆయన కుమార్తెలు జెనానీ, జిండ్జీ ఇక్కడే చదివారు. డెస్మండ్ టూటూ పిల్లలు, తరువాతి కాలంలో బోట్స్వానా అధ్యక్షుడైన ఇయన్ ఖామా కూడా ఇక్కడి విద్యార్థులే. కమ్‌హ్లాబా అన్న పేరును 1967లో స్వాజీలాండ్ రాజు రెండవ సోబూజా స్వయంగా పెట్టాడు. 1981లో ఈ బడి యునైటెడ్ వరల్డ్ కాలేజీలలో చేరింది. మన పుణె దగ్గర 1997లో మొదలైన మహీంద్రా కళాశాల కూడా ఆ వరుసలోనిదే. ఇంతటి చరిత్ర ఉన్న బడిలో చోటు దొరికితే దాన్ని అమెరికా దొరకనందువల్ల వెళ్లే చోటుగా ఎవరూ తలచకూడదని నా అభిప్రాయం.

సేవ సంగతి ఇక్కడి నుంచే అర్థమవుతుంది. పక్కనున్న బలమైన పొరుగు రాజ్యానికి కంటగింపుగా ఉన్న ఒక బడిని ఈ చిన్న దేశం తన నేల మీద నిలవనిచ్చింది. ఇప్పటికీ ఆ దేశ జనాభా సుమారు 12 లక్షలే. కాబట్టి చుట్టుపక్కల ఊళ్లకు ఆ బడి చేసే పనిని దానంగా కాక, తీర్చవలసిన రుణంగా చూడడమే న్యాయం. ఇక పాఠ్యక్రమం పరంగా చూస్తే, అక్కడి చివరి రెండేళ్లలో చదివే ఇంటర్నేషనల్ బాకలారియట్ డిప్లొమాలో ఆరు విషయాలు, 4,000 పదాలలోపు పరిశోధనా వ్యాసం, జ్ఞాన సిద్ధాంతం అనే పాఠంతో పాటు కళ, శారీరక శ్రమ, సేవ కలిసిన ఒక భాగం తప్పనిసరి. దానికి మార్కులు ఉండవు, కాని దాన్ని పూర్తి చేయకపోతే డిప్లొమా ఇవ్వరు. అందుచేత మీరు చదువు నుంచి పోతుందని భావిస్తున్న సమయం నిజానికి చదువులోదే. వారంలో ఒక మధ్యాహ్నం ఊళ్లో గడిపినందువల్ల వెనకబడిన పిల్లల కన్నా, రాత్రి పొద్దుపోయేదాకా మేలుకొని పనులు చివరి నిమిషానికి నెట్టినందువల్ల వెనకబడిన పిల్లలే ఎక్కువగా ఉంటారు.

ఎయిడ్స్ విషయంలో మీరు విన్నది అబద్ధం కాదు. వయోజనులలో నలుగురిలో ఒకరికి పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్న దేశం అది, ప్రపంచంలో అంతకు మించిన నిష్పత్తి మరెక్కడా లేదు. 2000 తరువాతి కొన్నేళ్లు అత్యంత కఠినంగా గడిచాయి. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలను అమ్మమ్మలు, నాయనమ్మలు సాకారు. ఊరి ఆడవాళ్లు జీతం లేకుండా వండి, అటువంటి పిల్లలకు అన్నం పెట్టే కేంద్రాలను వాడవాడలా నిలబెట్టారు. ఇల్లిల్లూ తిరిగి మందుల గురించి చెప్పే గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, ప్రభుత్వ వైద్యశాలలు కలిసి పనిచేసిన ఫలితంగా, వ్యాధి ఉన్నవారిలో 95 శాతానికి ఆ సంగతి తెలియడం, తెలిసినవారిలో 95 శాతం మందులు వాడడం, వాడేవారిలో 95 శాతానికి వైరస్ అదుపులో ఉండడం అనే అంతర్జాతీయ లక్ష్యాన్ని ఆ దేశం 2020లోనే అందుకుంది. ఎన్నో సంపన్న దేశాలకన్నా ముందుగా ఆ పని చేసింది. కలిసి తినడం, ఆడుకోవడం, చేయి పట్టుకోవడం వల్ల ఆ వ్యాధి సోకదని మీకు తెలియనిది కాదు. మీ అమ్మాయి వెళ్లేది దిక్కులేని జనం మధ్యకు కాదని, ఘోరమైన కష్టాన్ని ఎదుర్కొని గట్టెక్కుతున్న మనుషుల దగ్గరకని దయచేసి మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

భద్రత గురించి మాత్రం ఒక సంగతి దాచకూడదు. 1973లో రాజ్యాంగాన్ని రద్దు చేసిన రాజాజ్ఞ నాటి నుంచి ఆ దేశంలో రాజకీయ పార్టీలు ఎన్నికల్లో పోటీ చేయడానికి వీలు లేదు. 2021 జూన్‌లో ప్రజాస్వామ్యం కోరుతూ జరిగిన ఆందోళనలను బలప్రయోగంతో అణచివేసినప్పుడు పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అటువంటి రోజుల్లో వసతిగృహ విద్యార్థులను ఎలా చూసుకుంటారు, రోడ్డు మూసుకుపోతే ఏం చేస్తారు, తల్లిదండ్రులకు కబురు ఎవరు పంపుతారు అన్న ప్రశ్నలను, విద్యార్థులను ఎంచే యునైటెడ్ వరల్డ్ కాలేజీల ఎంపిక సంఘానికీ పాఠశాలకూ లిఖితపూర్వకంగా పంపి, జవాబులు చదివి తృప్తి పడ్డాకే నిర్ణయం తీసుకోండి. అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు.

ప్రశ్న: నాకు ఆ బడిలో చదవాలని ఉంది. అక్కడి పల్లె పిల్లలకు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పాలని అనుకుంటున్నాను. ఇప్పటి నుంచి ఏం సిద్ధం చేసుకోవాలి? — ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: బాబూ, నీ ఉత్సాహం నచ్చింది, కాని నేర్పడం కన్నా ముందు నేర్చుకోవడానికి సిద్ధపడమని చెబుతాను. ఎంబాబానే పట్టణంలో ఇంగ్లీషుతో రోజులు గడిచిపోతాయి. ఊళ్లలోని పెద్దవాళ్లు మాట్లాడేది సిస్వాతి. ఒకరు ఎదురైతే ‘సావుబోనా’ అని, ఒకరికన్నా ఎక్కువమంది ఉంటే ‘సానిబోనానీ’ అని పలకరించకుండా దాటిపోవడం అక్కడ అమర్యాద. తల్లి వయసు స్త్రీని ‘మాకే’ అని, తండ్రి వయసు పురుషుణ్ణి ‘బాబే’ అని, ముసలమ్మను ‘గోగో’ అని వరుస పెట్టి పిలుస్తారు. పరాయివారిని కూడా పిన్నీ, బాబాయ్ అని పిలిచే ఇంట్లో పెరిగిన నీకు ఇది కొత్త కాదు. పెద్దలు ఏదైనా ఇస్తే రెండు చేతులా అందుకోవాలి.

మొదటి నెలల్లో నీకు అప్పగించే పని, పైన చెప్పిన అన్నం పెట్టే కేంద్రంలో గిన్నెలు తోమడమో, కట్టెలు మోయడమో, మొక్కజొన్న పిండితో వండే గట్టి ముద్దను పెద్ద కుండలో కలియబెట్టడమో కావచ్చు. దాన్ని తక్కువ పనిగా అనుకోకు. ఆ వంట కేంద్రాన్ని ఏళ్ల తరబడి నడుపుతున్న స్త్రీలకు ఏ పిల్లవాడు రెండు రోజులుగా రావడం లేదో, ఏ ఇంట్లో బియ్యం, పిండి అయిపోయాయో తెలుసు. నీకు కంప్యూటరు తెలుసు. ఈ రెండింటిలో ఆ పిల్లలకు ఇప్పుడు ఏది ఎక్కువ అవసరమో ఆ స్త్రీలే నిర్ణయించాలి. వారు అడిగినప్పుడు పాఠం చెప్పు, అడగకముందే పాఠశాల తయారుచేసి ఇవ్వాలని చూడకు.

ఇటువంటి సేవలో పిల్లలకు జరిగే నష్టం ఒకటుంది. విదేశీ విద్యార్థులు చేరువవుతారు, సెలవులకు వెళ్లిపోతారు, రెండేళ్లకు పూర్తిగా వెళ్లిపోతారు. ఎదురుచూసిన పిల్లవాడికి ప్రతిసారీ మళ్లీ ఎవరో వదిలి వెళ్లినట్టే ఉంటుంది. అందువల్ల వస్తానన్న రోజు వానైనా చలైనా తప్పకుండా వెళ్లాలి. వెళ్లిపోయే రోజు ముందుగా చెప్పాలి, నీ తరువాతి జట్టును నీతో పాటు కొన్ని వారాలు తీసుకెళ్లి పరిచయం చేయాలి. ఆ పిల్లల ఫోటోలు నీ ఫోనులోకి, అక్కడి నుంచి నీ స్నేహితుల ఫోన్లలోకి వెళ్లకూడదు. ఇది నేను గట్టిగా చెప్పదలచిన మాట. మన ఊళ్లోని అనాథాశ్రమానికి ఎవరో వచ్చి మన తమ్ముడి ఫోటో తీసుకుపోతే మనం ఊరుకుంటామా?

సిద్ధపడడానికి వాటర్‌ఫర్డ్ దాకా వెళ్లనవసరం లేదు. మీ హనుమకొండలోనే ఒక ప్రభుత్వ బడికో వసతిగృహానికో ఈ ఏడాదంతా వారం వారం వెళ్లి చూడు. ఎంపిక సంఘం ముందు చెప్పుకోవడానికి అది పనికివస్తుంది, కాని దానికోసమే అయితే వెళ్లకు.

ప్రశ్న: అక్కడి విద్యా సంవత్సరం, మన కళాశాలల ప్రవేశాలు పొసగుతాయా? శాకాహారులకు ఇబ్బందా? — తల్లిదండ్రులు, గుంటూరు

జవాబు: అక్కడ విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, డిప్లొమా పరీక్షలు నవంబరులో జరుగుతాయి, ఫలితాలు ఆ తరువాత కొన్ని వారాల్లో వస్తాయి. మార్చిలో పదో తరగతి ముగించిన మన విద్యార్థికి ముందు కొన్ని నెలలు, చివర మన డిగ్రీ ప్రవేశాల దాకా మరికొన్ని నెలలు ఖాళీ ఏర్పడుతుంది. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఈ డిప్లొమాను పన్నెండో తరగతికి సమానంగా గుర్తిస్తుంది. అయితే ఆరు విషయాల అమరికలో సాధారణంగా రెండు విజ్ఞానశాస్త్రాలకే చోటు ఉంటుంది కనుక, నీట్‌కు కావలసిన భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ అందులో ఇమడడం కష్టం. వైద్యవిద్యే లక్ష్యమైతే ఈ దారి వద్దు. శాకాహారం విషయంలో దిగులు అక్కరలేదు. మొక్కజొన్న ముద్ద, చిక్కుళ్లు, గుమ్మడి ఆకుకూర, ‘ఎమాసి’ అని పిలిచే పులిసిన పాలు స్థానికుల భోజనమే. పెరుగన్నం తినే పిల్లలకు ఎమాసి త్వరగానే అలవాటవుతుంది. ఎంబాబానే ఎత్తైన చోటు కాబట్టి జూన్, జూలై చలికి మందపు దుస్తులు పంపండి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటున్నాము. మా అబ్బాయి ఒక అంతర్జాతీయ పాఠశాలలో చదువుతున్నాడు. వాడి స్నేహితులందరూ విదేశీ ఉద్యోగుల పిల్లలే. ఎత్తైన గోడ, కాపలా గేటు, బడి బస్సు — ఇంతే వాడికి తెలిసిన దక్షిణాఫ్రికా. వాటర్‌ఫర్డ్ గురించి చదివాక మావాడు ఏదో పోగొట్టుకుంటున్నాడని అనిపించింది. — ఒక తండ్రి, జోహన్నెస్‌బర్గ్

జవాబు: అయ్యా, మీకు అనిపించింది నిజమే. ఈ స్థితికి బడిని మాత్రమే తప్పుపట్టలేము. నేరాల భయం వల్ల ఆ నగరంలో చాలామంది తల్లిదండ్రులు పిల్లలను గోడల లోపలే ఉంచుతారు. అయినా మీ చేతిలో కొంత ఉంది. బడిలో రెండో భాషగా ఫ్రెంచి బదులు జూలూ ఎంచుకునే వీలుందేమో అడగండి. మీ వీధి కాపలాదారుతో, ఇంట్లో పనిచేసే ఆమెతో వాడు ఆ భాషలో మాట్లాడడం మొదలుపెడితే చాలా తలుపులు తెరుచుకుంటాయి. ఫుట్‌బాల్ ఆడేవాడైతే బడి జట్టులో కాక స్థానిక క్లబ్బులో చేర్పించండి. 1976 జూన్ 16న తమపై రుద్దిన ఆఫ్రికాన్స్ భాషా మాధ్యమాన్ని ఎదిరించి సొవెటో పిల్లలు వీధుల్లోకి వచ్చిన చోట, ఓర్లాండో వెస్ట్‌లో, ఆ రోజు ప్రాణాలు కోల్పోయిన బాలుడు హెక్టర్ పీటర్సన్ పేరున మ్యూజియం ఉంది. వాడి వయసు పిల్లలు బడి కోసం ప్రాణాలిచ్చిన చోటును తండ్రిగా మీరే తీసుకెళ్లి చూపించండి.

మరొక దారి మన తెలుగువారికి ప్రత్యేకంగా ఉంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరినప్పటి నుంచి, చెరకు తోటల కూలీలుగా వచ్చిన వారిలో తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకుంది. ప్రభుత్వం తమ పిల్లలకు చాలినన్ని బడులు కట్టని రోజుల్లో అక్కడి భారతీయులు తామే చందాలు పోగుచేసి కట్టడాలు లేపి, ఉపాధ్యాయుల జీతాల కోసం ప్రభుత్వ సాయం తెచ్చుకున్నారు. ఇప్పటి తరాలవారిలో చాలామందికి తెలుగు మాట్లాడడం రాకపోవచ్చు, కాని ఆ దేశం వారి సొంతం, దాని కష్టసుఖాలు వారికి అయిదారు తరాలుగా తెలుసు. వచ్చే సెలవుల్లో డర్బన్ వెళ్లి అటువంటి ఒక కుటుంబంతో పరిచయం చేసుకోండి. మీవాడి ఈడు పిల్లలు ఆ ఇంట్లో ఉంటే, పెద్దవాళ్లు పక్కకు తప్పుకొని వారినే మాట్లాడుకోనివ్వండి. తరువాత వాళ్లను జోహన్నెస్‌బర్గ్‌కు మీ ఇంటికి రమ్మని మీవాడి చేతనే పిలిపించండి.