ప్రాణహిత సన్నబడిన ఏడాది వల ఎక్కడ వేయాలి

అల్లుడికి మామ ఆశీస్సులు.

సిరొంచ దగ్గర ప్రాణహిత నది పాయలుగా విడిపోయిందనీ, రేవు కింది మడుగులో చేప కుప్పగా తిరుగుతోందనీ, మడుగంతా ఈడ్చే లాగుడువల అద్దెకు తెచ్చి ఒకేసారి తీసేద్దామని మన మత్స్యకారుల సంఘంలో కుర్రాళ్లు తొందరపడుతున్నారనీ చెప్పావు. నీ మనసు కూడా అటే లాగుతోందని నీ మాటల్లో తెలిసింది. వద్దు. ఎందుకు వద్దో, మరి ఈ రెండు నెలలు ఏం పట్టుకుని బతకాలో రాస్తున్నాను. సాయంత్రం రేవు దగ్గర అందరూ కూర్చున్నప్పుడు చదివి వినిపించు.

నువ్వు వల పట్టింది మేడిగడ్డ బ్యారేజీ వచ్చిన తర్వాత. 2019లో అక్కడ నీళ్లు ఆపడం మొదలయ్యాక మన వైపు నది వెనక్కి ఎగదన్ని నిలబడింది. వేసవిలో కూడా పుట్టి తిరిగేంత లోతు చూశావు. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాక ఆ నీళ్లు వదిలేశారు. ఇప్పుడు నువ్వు చూస్తున్న ఇసుక, బండలు, విడివిడి మడుగులు మా వయసు వాళ్లకు తెలిసిన వేసవి నదే. దానికి తోడు పైన విదర్భలో వాన తగ్గితే నది ఇంకా సన్నబడుతుంది. గోదావరి మన దగ్గరికి వచ్చేసరికే పైన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ ఆనకట్టలు దాటుకుని సన్నగా వస్తుంది. మనల్ని బతికించేది వార్ధా, వైన్‌గంగ కలిసిన ప్రాణహితే. అది కూడా తగ్గిందంటే నదిలో ఉన్న చేపంతా ఆ నాలుగు మడుగుల్లోకే చేరుతుంది.

అందుకే చేప పెరిగినట్టు కనిపిస్తుంది. పెరగలేదు. మైళ్ల పొడవున పరుచుకుని తిరిగేది ఒక్కచోట ఇరుక్కుంది, అంతే. మొదటి పది రోజులు వల బరువుగా లేస్తుంది, తర్వాత పరకలు కూడా పడవు. మే నెలలో మడుగులో మిగిలిన బొచ్చె, రోహు, మ్రిగాల ఏవి అనుకున్నావు? జూన్ వరద రాగానే ఎదురెక్కి గుడ్లు పెట్టాల్సినవి. ఆ చేపలు నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు. కొత్త నీరు, పారుదల, గట్ల మీదికి పొర్లే వరద ఉంటేనే పెడతాయి. కిలో బరువున్న ఆడ రోహు కడుపులో లక్షకు పైగా గుడ్లుంటాయి. దాన్ని ఇవాళ మూడు వందలకో నాలుగు వందలకో అమ్మితే విత్తనపు వడ్లు వండుకు తిన్నట్టే. పైగా ఏడాదికి ఒక్కసారే గుడ్లు పెట్టే చేప అది. ఈ జూన్ తప్పితే మళ్లీ వచ్చే జూనే. 2014, 2015 లాగా వాన వరుసగా రెండేళ్లు తగ్గితే, మడుగులూ ఖాళీగా ఉంటే, ఇక పైనుంచి ఎవరు తెచ్చి పోస్తారు?

ఇంకొక సంగతి, ఇది చాలామందికి తెలియదు. నీళ్లు వేడెక్కితే అందులో కరిగి ఉండే గాలి తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 35 డిగ్రీల నీటిలో 7 మాత్రమే పడుతుంది. ఆ వేడికి చేపకేమో ఊపిరి ఎక్కువ కావాలి. మడుగు పచ్చగా మారిందంటే పగలు ఆ పాచి గాలిని ఇస్తుంది, రాత్రంతా అదే తాగేస్తుంది. కాబట్టి తెల్లవారుజామున నీళ్లలో గాలి అడుగంటుతుంది. సూర్యుడు రాకముందే వెళ్లి చూడు. చేపలు మూతులు పైకెత్తి నోళ్లు తెరుస్తూ కనిపిస్తాయి, ఎండ ఎక్కాక లోపలికి పోతాయి. మీ కుర్రాళ్లు దాన్ని చూసి చేప ఆడుతోందని సంబరపడుతున్నారు. అది ఆడడం కాదు, ఊపిరాడక పైకి రావడం. ఆ సమయంలో లాగుడువల దింపితే అడుగు బురద లేచి ఉన్న గాలి కూడా పోతుంది. వలలో పడినవి సరే, పడనివి కూడా మధ్యాహ్నానికి తేలుతాయి. మబ్బు పట్టి గాలి ఆడని రోజుల్లో ప్రమాదం మరీ ఎక్కువ. ఆ రోజు మడుగులో కాలు కూడా పెట్టకండి.

మరి ఏం పట్టాలి అంటావు. కొర్రమీను, మార్పు, ఇంగిలీకం పైకి వచ్చి గాలి పీల్చి బతికే రకాలు. బురద నీళ్లలోనూ నిలుస్తాయి. వీటిని గాలంతో పట్టుకో. కొర్రమీను తడి గోనెలో ప్రాణంతో బజారుకు చేరితే దాని ధరే వేరు, ఒక్కటి అమ్మినా ఇంట్లో ఉప్పూ పప్పూ గడుస్తాయి. కానీ నీటి మీద ఎర్రగా పిల్లల గుంపు తిరుగుతుంటే ఆ చోట గాలం వేయకు, కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. వాలుగ పడితే తీసుకో, ఇరుకు మడుగులో అది మిగతా వాటిని తినేస్తుంది. తిలాపియా ఎంత పడితే అంత తీసేయండి. అది ఏడాదిలో పలుమార్లు పిల్లలు చేస్తుంది, మన చేపకు దక్కాల్సిన మేత అదే తింటుంది. దాని మీద జాలి అక్కర్లేదు.

కట్టువల, అంటే నీళ్లలో నిలబెట్టి ఉంచే వల, వేస్తే సాయంత్రం వేసి రాత్రే తీయి, తెల్లారేదాకా ఉంచకు. వేడి నీళ్లలో వలకు తగులుకున్న చేప రెండు మూడు గంటల్లో మెత్తబడుతుంది, దానికి ధరా రాదు. ఐసు చేపతో సమానంగా, కిలోకు కిలో వేయాలి. వేసవిలో అందులో పీనాసితనం పనికిరాదు. తేలిన చేపను మాత్రం ఎవరికీ అమ్మొద్దు. అది దేనివల్ల చచ్చిందో మనకు తెలియదు. దోమతెర వలల సంగతి నేను వేరే చెప్పాలా? వేలెడు పిల్లను కూడా వదలని వల అది, మన రేవులో కనబడకూడదు. మందుగుండు పేల్చడం, నీళ్లలో విషం కలపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. ఎవరైనా బ్లీచింగ్ పౌడర్ సంచితో వస్తే మొహమాటపడకుండా ఆపండి.

మీరు చేయగలిగిన మంచి పని ఒకటుంది. ఇసుక తవ్విన గుంతల్లో, తెగిపోయిన పాయల్లో చిన్న చేపలు చిక్కుకుని ఉంటాయి. వారం తిరిగేలోపు ఆ నీళ్లు ఇంకిపోతాయి. పిల్లల్ని వెంటేసుకుని పొద్దున్నే చల్లటి వేళ బకెట్లతో వాటిని పెద్ద మడుగుకు చేర్చండి. తెచ్చిన వెంటనే కుమ్మరించకండి. బకెట్‌ను కాసేపు మడుగు నీళ్లలో ఆనించి, కొంచెం కొంచెంగా ఆ నీళ్లు కలిపి, రెండింటి వేడీ ఒకటయ్యాక వదలండి. వేడి తేడాకే సగం పిల్ల చచ్చిపోతుంది.

రైతులతో గొడవ పెట్టుకోకుండా మాట్లాడాలి. మడుగుకు మోటారు పెట్టేవాళ్లు మన చుట్టాలే, వాళ్ల పంటకూ నీళ్లు కావాలి. కానీ అన్ని మడుగులూ తోడేయకుండా, లోతైన ఒక్కదాన్ని ఛాతీ లోతుకు తగ్గకుండా వదిలేయమని అడగండి. మిర్చికి మందు కొట్టిన పంపులూ డబ్బాలూ ఆ నీళ్లలో కడగొద్దని చెప్పండి. పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు చాలా కొద్ది మోతాదులోనే చేపను చంపేస్తాయి. పారే నదిలో పలచబడి పోయేది, నిలిచిన మడుగులో ఎక్కడికీ పోదు. ఇవే నీళ్లు పశువులూ తాగుతాయని గుర్తుచేస్తే రైతు వింటాడు.

మృగశిర రోజు సంగతి నాకు ఎక్కువ టెన్షన్. జూన్ 8 వచ్చిందంటే ఊరంతా చేప కావాలంటారు, ధర రెట్టింపు పలుకుతుంది. సరిగ్గా అప్పుడే నదిలో ప్రతి ఆడ చేపా గుడ్లతో నిండుగా ఉంటుంది. ఆ రోజుకు చెరువుల్లో పెంచిన చేప ముందుగా మాట్లాడి తెప్పించి అమ్మండి, కమీషన్ వచ్చినా చాలు. తొలి వరదకు వాగుల మూతుల దగ్గర చేప ఎదురెక్కుతుంది. అక్కడ మావులూ (చేపలు పట్టే బుట్టలు) వలలూ అడ్డం కట్టొద్దు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు మూడు కార్తెలు వాగు మూతులు వదిలేయాలని సంఘం తీర్మానం రాసుకోవాలి. అవతలి ఒడ్డున కాళేశ్వరం వైపు వాళ్లను కూడా పిలవండి. చేపకు మహారాష్ట్ర, తెలంగాణ అని ఉండదు. ఒక ఒడ్డు ఆగి ఇంకో ఒడ్డు వల వేస్తే ఆగిన వాళ్లకే కడుపుమంట.

డబ్బు మాట. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో చేప దొరకని నెలలకు సాయం ఉంది. మనం 1,500 రూపాయలు దాచుకుంటే ప్రభుత్వం 3,000 కలిపి మూడు నెలలకు పంచి ఇస్తుంది. పెద్ద మొత్తం కాదు, కానీ వదులుకోవద్దు. సంఘంలో పేరూ బ్యాంకు ఖాతా సరిగా ఉన్నాయా చూసుకో, మీలో సగం మందికి ఉండవని నా అనుమానం. కిసాన్ క్రెడిట్ కార్డు ఇప్పుడు చేపలు పట్టేవాళ్లకూ ఇస్తున్నారు. వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లేముందు బ్యాంకులో అడుగు. నెల రోజులు మిర్చి కళ్లాల్లో పనికి వెళ్లినా తప్పులేదు, మేమంతా వెళ్లినవాళ్లమే. పుట్టి మాత్రం అమ్మకు.

లాగుడువలకు అడ్వాన్సు ఇచ్చేశారేమో ముందు కనుక్కో. ఇచ్చి ఉంటే ఆ డబ్బు నేను సర్దుతాను, మాట వెనక్కి తీసుకోమను. ఆదివారం అహేరి నుంచి పొద్దుటి బస్సుకు వస్తున్నాను. సంఘం వాళ్లందరినీ మడుగు దగ్గరికే రమ్మను, తెల్లవారకముందే వస్తే ఆ చేపల ఊపిరి సంగతి నువ్వే చూపించు, నేను వచ్చాక కార్తెల తీర్మానం మాట్లాడదాం.

ఇట్లు,
మీ మామ