ఓపిక లేదా, అయిపోయిందా?

సందేహం: మా కోడలికి లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తి ఒంటి మీదే దాడి చేసే జబ్బు). ఒకరోజు మామూలుగానే తిరుగుతుంది, ఇంకోరోజు మధ్యాహ్నానికే "నా చెంచాలు అయిపోయాయి అత్తయ్యా" అని పడుకుంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వుతున్నారు. "ఓపిక లేదని చెప్పమ్మా" అంటే ఆ మాట చాలదంటుంది. తెలుగులో ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: మీ కోడలన్నది నిజమేనమ్మా. మనకు ఓపిక అంటే ఒంట్లో శక్తీ, సహనమూ రెండూ. "మెట్లెక్కే ఓపిక లేదు" అంటే చేతకావడం లేదని. "నీ సోది వినే ఓపిక లేదు" అంటే ఇష్టం లేదని. పడుకున్న కోడలి నోట ఆ మాట వింటే చుట్టాలు రెండో అర్థమే తీసుకుంటారు, వెంటనే బద్ధకం అనేస్తారు. చేయగలిగీ చేయకపోతే బద్ధకం. జబ్బు మనిషిని ఆ మాట అనడం అన్యాయం.

చెంచాల లెక్క అమెరికాది. లూపస్ ఉన్న క్రిస్టీన్ మిసెరాండినో 2003లో రాసింది. హోటల్లో బల్లల మీది చెంచాలు ఏరి స్నేహితురాలి చేతిలో పెట్టింది. 12 వచ్చాయి, ఆ రోజుకున్న ఓపిక అంతేనంది. రోజూ చేసే పనులు చెప్పమంటూ, ఒక్కోదానికీ చెంచాలు వెనక్కి తీసుకుంది. ఆఫీసు చేరకముందే ఆరు మిగిలాయి. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య) ఉన్నవాళ్లూ ఇప్పుడు ఈ లెక్కే చెబుతున్నారు. వాళ్లలో కొందరికి పెళ్లిలో మైకు హోరుకే సగం ఖర్చయిపోతుంది.

మనవైపు చెంచా అంటే నాయకుడి వెంట తిరిగే భజనపరుడు కూడా. చుట్టాలకు నవ్వొచ్చింది అందుకే కావచ్చు. కుర్రాళ్లలా "ఛార్జింగ్ అయిపోయింది" అన్నా లాభం లేదు, "కాసేపు పడుకుంటే ఎక్కుతుందిలే" అంటారు. లూపస్ నీరసం ఒక్క నిద్రతో తీరేది కాదు.

ట్యాంకరు నీళ్లతో నెట్టుకొచ్చే మెట్ట ఊళ్ల చుట్టాలకైతే బిందెల లెక్క చెప్పండి. "తలస్నానానికే రెండు బిందెలు పోయాయి, ఇక ఉన్నది ఒకటే, వంట చేయాలా, మీతో కూర్చోవాలా?" అంటే ఇట్టే అందుతుంది. బిందె ఖాళీ అయిందని ఎవరూ ఎవరినీ తిట్టరు.

రోజువారీ మాటల్లో "లేదు" బదులు "అయిపోయింది" అనమనండి, దేనికో కూడా కలిపి: "ఆస్పత్రికి వెళ్లొచ్చేసరికే ఓపిక అయిపోయింది." అప్పుడు ఓపిక ఉండేదనీ, ఖర్చయిందనీ రెండూ తెలుస్తాయి. "ఓపిక కూడగట్టుకుని లేచాను" అనే భాష మనది, కాబట్టి ఇందులో అరువు ఏమీ లేదు.

మీ ఇద్దరి మధ్య చెంచాలు అలవాటైతే అలాగే ఉండనివ్వండి. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం "అమ్మాయికి ఇవాళ్టికి ఓపిక అయిపోయింది" అని మీరే ముందు చెప్పండి. అత్తగారి నోట వస్తే ఎదురు ప్రశ్న రాదు.