పెట్టుబడి పెట్టినవారికి ఎంత పేరు?

చిరంజీవి వాసంతికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి ఇన్సులిన్ తయారీ సంస్థ పెడుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు గర్వపడ్డాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. తరువాత నువ్వు పంపిన పరిచయ పత్రం చదివాను. యంత్రాలు, అనుమతులు నాకన్నా నీకే బాగా తెలుసు. ఒప్పందాన్ని మంచి వకీలుకు చూపించనిదే సంతకం పెట్టకు. ఇక నా బెంగ అంతా పెట్టుబడి పెడుతున్న పెద్దమనిషిని నువ్వు ‘ఈ విజ్ఞానానికి మూలపురుషుడు’ అని వ్రాసిన వాక్యం గురించే.

నువ్వు చేయబోయే మందు కథే చూడు. 1921-22లో టొరంటోలో ఇన్సులిన్‌ను వెలికితీసిన బృందంలోని బాంటింగ్, బెస్ట్, కాలిప్ తమ పేటెంటును తలా ఒక డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. లాభాపేక్ష లేకుండానే మందు పుట్టింది, కాని వేలాది రోగులకు చేరడానికి ఎలీ లిల్లీ కంపెనీ కర్మాగారం కావలసివచ్చింది. 1973లో కోహెన్, బోయర్ అనే శాస్త్రవేత్తలు జన్యువులను అతికించే పద్ధతిని రుజువు చేసినది విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లోనే. 1976లో బోయర్, స్వాన్సన్ అనే యువ వ్యాపారి కలిసి ఆ పద్ధతితో మందులు చేయడానికి జెనెన్‌టెక్ అనే కంపెనీ స్థాపించినప్పుడు, కొత్త కంపెనీలలో పెట్టుబడి పెట్టే టామ్ పెర్కిన్స్ సంస్థ లక్ష డాలర్లు పెట్టింది. భవనాలు కట్టకముందే, అన్నిటికన్నా సందేహాస్పదమైన ప్రయోగాన్ని బయటి ప్రయోగశాలల్లో చేయించి చూడమన్నది కూడా పెర్కిన్సే. 1978లో ఆ పద్ధతితోనే బాక్టీరియా చేత మానవ ఇన్సులిన్ చేయించగలిగారు. 1982లో అది మందుగా అనుమతి పొందింది. ఆ తెలివికీ, ఆ తెగువకూ పెర్కిన్స్‌కు పేరు దక్కవలసిందే. అయితే ఆ విద్య ఆయన సొమ్ముతో పుట్టలేదు.

మన హైదరాబాదులో 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్‌లో అప్పటి ఒమాన్ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ సొమ్ము పెట్టింది టీకా తయారు కాకముందు. వాన పడుతుందో లేదో తెలియని రోజున విత్తనాలిచ్చినవాడినీ, ధాన్యం కళ్ళానికి చేరాక బేరానికి వచ్చినవాడినీ ఒకే పీట మీద కూర్చోబెట్టకూడదు.

ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. జీడిమెట్లలో ఒక చిన్న సంస్థలో ఎంజైము తయారు చేస్తున్న రోజుల్లో మాకు మొదట డబ్బు పెట్టినది భీమవరం దగ్గరి ఒక రైసుమిల్లు యజమాని. వరుసగా మూడు బ్యాచులు పాడైపోయాయి. ఆయన మిల్లు తాకట్టు పెట్టి నాలుగోదానికి సొమ్ము పంపారు. రాత్రుళ్ళు ఫెర్మెంటర్ (సూక్ష్మజీవులను పెంచే పెద్ద తొట్టి) దగ్గర కాపలా ఉండే కుర్రాడొకడు ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని, అక్కడి నుంచే క్రిములు చేరుతున్నాయని కనిపెట్టాడు. నాలుగో బ్యాచు నిలబడింది. ఆ తరువాతనే నగరంలోని ఒక ధనికుడు వచ్చి పెద్ద వాటా కొన్నాడు. వార్షికోత్సవ సంచికలో వ్యాసం నన్నే వ్రాయమన్నారు. నేను ఆ ధనికుణ్ణి ప్రాణదాత అని పొగిడి, ఆయన ఫోటో పక్కన నా ఫోటో వేయించుకుని, మిగిలినవారిని ‘తదితరుల సహకారం’ అనే రెండు ముక్కల్లో సరిపెట్టాను. మిల్లు యజమాని వెనుక వరుసలో కూర్చుని సంచిక అంతా చదివి, భోజనాల దగ్గర నా పక్కకు వచ్చి, “ఆ వాల్వు కుర్రాడి పేరు మరిచిపోయారేమండీ?” అని మాత్రం అడిగారు. తన పేరు సంగతి ఎత్తలేదు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కుర్రాడు అప్పటికే ఉద్యోగం మాని వెళ్ళిపోయాడు. తరువాత ఎంత వెదకినా దొరకలేదు.

అందుకే అడుగుతున్నాను తల్లీ, మీ పెద్దమనిషి నీ ఎలుకల ప్రయోగాలు ఫలించక ముందు వచ్చాడా, తరువాతా? అయిదేళ్ళు నీకు ఫెలోషిప్ ఇచ్చిన ప్రభుత్వానికీ, నీ గురువుగారికీ ఆ పత్రంలో ఒక్క వాక్యమైనా లేదేం? నా భయం ఇంకొకటుంది. మూలపురుషుడని నువ్వే అచ్చువేస్తే, రేపు మాట తేడా వచ్చి నిన్ను నీ ప్రయోగశాల నుంచే పంపించదలిస్తే ఆ కాగితమే నీ ముందు పెడతారు. ముసలివాడి చాదస్తమనుకో, కాని ఆ వాక్యం కొట్టెయ్యి. ‘ఫలానా దశలో, ఫలానా నష్టానికి సిద్ధపడి సహాయపడ్డారు’ అని ఉన్నదున్నట్టు వ్రాయి. మంచివాడైతే సంతోషిస్తాడు.

మార్చిన పత్రం పంపు. పెద్దమ్మ నీకోసం పెట్టిన ఆవకాయ జాడీ అటక మీద ఉంది, వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. రాత్రిళ్ళు ల్యాబులో ఒంటరిగా ఉండకు.

మీ పెదనాన్న