థైరాయిడ్ రిపోర్ట్ నార్మల్... అయినా ఎందుకీ నీరసం?

ప్రశ్న: నా వయసు 41. కరీంనగర్‌లో టీచర్‌గా పనిచేస్తున్నాను. హైపోథైరాయిడ్‌కు నాలుగేళ్లుగా 75 మైక్రోగ్రాముల మాత్ర వాడుతున్నాను. ఆర్నెల్ల కిందట టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే పెరిగే హార్మోన్) 7.9 ఉంది, మొన్న 2.6 వచ్చింది. నార్మల్ అన్నారు. కానీ మధ్యాహ్నం క్లాసులకే నిలబడలేకపోతున్నాను. ఇంటికి రాగానే కూలబడిపోతాను. పొద్దున్నే లేచి థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర, ఐరన్ మాత్ర ఒకేసారి వేసుకుని కాఫీ తాగుతాను. నెలసరి ఏడు రోజులుంటుంది, బ్లీడింగ్ కూడా ఎక్కువే. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నాను. థైరాయిడ్ మాత్ర 100 వేసుకుంటే హుషారు వస్తుందని తోటి టీచర్ అంటోంది. పెంచుకోవచ్చా?

సలహా: ఇప్పుడే పెంచుకోవద్దు. రిపోర్ట్ నార్మల్ వచ్చిందంటే మీ నీరసం వట్టి మాట అని కాదు. నీరసం నిజమే, దానికి కారణం వెతకాలి. ఆ కారణం చాలావరకు మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది.

మీరు పొద్దున వేసుకుంటున్న మూడు మాత్రలూ ఒకదాని పని ఒకటి చెడగొడుతున్నాయి. థైరాయిడ్ మాత్రలో ఉండే లీవోథైరాక్సిన్‌ను ఐరన్ కడుపులోనే పట్టేసుకుంటుంది. అందుకని మందు సరిగా ఒంటికి పట్టదు. ఆ మాత్ర బాగా కరగాలంటే కడుపులో యాసిడ్ కావాలి. గ్యాస్ మాత్ర ఆ యాసిడ్‌నే తగ్గిస్తుంది. యాసిడ్ తగ్గితే ఐరన్ కూడా సరిగా పట్టదు. మిగిలిన కాస్తనూ వెంటనే తాగే కాఫీ తగ్గిస్తుంది. టీఎస్‌హెచ్ ఒకసారి 7.9, ఒకసారి 2.6 రావడానికి ఇది కారణం కావచ్చు. డోసు చాలక కాదు, వేసుకున్నది రోజుకో తీరుగా పట్టడం వల్ల.

ఇక బయోటిన్. చాలా ల్యాబుల్లో వాడే పరీక్షా పద్ధతిలో ఇది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపించగలదు. కాబట్టి ఆ 2.6ను కూడా నేను పూర్తిగా నమ్మలేను. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపండి, వాడుతున్నట్టు ల్యాబులో కూడా చెప్పండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం ఐరన్ లోపం మీద. నెలకు ఏడు రోజులు అంత బ్లీడింగ్ అవుతుంటే శరీరంలోని ఐరన్ నిల్వలు కరిగిపోతాయి. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ 15–49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పైగా హిమోగ్లోబిన్ 12 దాటి ఉన్నా నిల్వలు ఖాళీ అయి ఉండొచ్చు, దానికే ఒళ్లంతా నీరసంగా ఉంటుంది. అందుకే హిమోగ్లోబిన్‌తో ఆగకుండా, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. అది 30 కంటే తక్కువ ఉంటే ఐరన్ లోపం ఉన్నట్టే. బ్లీడింగ్ ఎందుకు ఎక్కువవుతోందో గైనకాలజిస్టు చూడాలి. థైరాయిడ్ తక్కువైనా అలా అవుతుంది, గర్భాశయంలో గడ్డలున్నా అవుతుంది. ఎంత ఐరన్ మింగినా అంతకు మించి పోతుంటే లాభం లేదు కదా.

రేపటి నుంచి ఇలా చేయండి. థైరాయిడ్ మాత్ర మంచం పక్కనే పెట్టుకుని, లేవగానే మంచినీళ్లతో వేసుకోండి. కాఫీకి, టిఫిన్‌కు కనీసం అరగంట ఆగండి, గంట ఆగితే ఇంకా మంచిది. పొద్దున హడావిడిలో కుదరకపోతే రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చు. ఏదో ఒక వేళకు కట్టుబడి ఉండండి. ఐరన్‌కు, క్యాల్షియంకు థైరాయిడ్ మాత్రతో నాలుగు గంటల ఎడం ఉండాలి. మీకైతే స్కూల్లో లంచ్ తర్వాత ఐరన్ వేసుకోవడం సులువు, దాని వెంట మాత్రం టీ తాగకండి. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని మీ డాక్టర్‌ను అడగండి. ఏళ్ల తరబడి వాడితే బీ12 కూడా తగ్గుతుంది. అందుకని ఆ పరీక్ష, షుగర్ పరీక్ష కూడా ఇప్పుడే చేయించండి. వండిన క్యాబేజీ, కాలీఫ్లవర్ మామూలుగా తినొచ్చు, వాటికి భయపడక్కర్లేదు.

డోసు మాటకొస్తే, అవసరానికి మించి థైరాక్సిన్ వేసుకున్నవాళ్లకు మొదట్లో హుషారుగానే అనిపించొచ్చు. తర్వాత గుండెదడ, చేతుల వణుకు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. ఏళ్ల తరబడి అలాగే సాగితే గుండె లయ తప్పుతుంది, మెనోపాజ్ తర్వాత ఎముకలు పలచబడతాయి. మీ స్నేహితురాలు మీ మంచి కోరే చెప్పారు, కానీ ఆవిడ బరువు, ఆవిడ జబ్బు వేరు. ఇంకో సంగతి. ఈ ఎడం పాటించడం మొదలుపెడితే అదే 75 ఇంకా బాగా పట్టి, మీకు ఎక్కువే కావచ్చు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి. థైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, అంతకంటే ముందు చేయిస్తే అంకె సరిగా తెలియదు.

రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారో మీరు రాయలేదు. ఇంటిల్లిపాదికీ బాక్సులు కట్టి స్కూలుకు పరుగెత్తే ఆడవాళ్లు ఐదు గంటల నిద్రతో నెట్టుకురావడం రోజూ చూస్తుంటాను. గురక ఉన్నా, మనసు బాగోకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా మొహమాటపడకుండా డాక్టర్‌కు చెప్పండి. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, బరువు తగ్గడం, చర్మం నల్లబడటం, వాంతులు ఉంటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథిని పరీక్షించాలి, అది తేలకుండా థైరాయిడ్ డోసు పెంచడం ప్రమాదం. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఫెరిటిన్, బీ12 సరైన స్థాయికి వచ్చి, టీఎస్‌హెచ్ కూడా నిలకడగా ఉండి, అప్పటికీ నీరసం తగ్గకపోతే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టర్‌ను) కలవండి. అప్పుడు టీ3 అనే మరో థైరాయిడ్ హార్మోన్ మందు గురించి మాట్లాడొచ్చు, అది సొంతంగా వాడే మందు కాదు. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ, ఏ మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నారో రాసిన కాగితం తీసుకెళ్లండి. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి.